దయాలబ్ధ స్వాతంత్ర్యము
మాసిడోనియా రాజవంశమును దాని ఇరుగుపొరుగును

క్రీ. పూ. 196వ సంవత్సరమున గ్రీసు దేశమునందలి కొరింథు నగరసమీపమున ఇస్త్మియా క్రీడోత్సవములు జరుగుచుండెను. నానానగరములనుండి వచ్చిన యవనులు క్రీడారంగమున కిక్కిరిసి కూర్చుండిరి. ఇంతలో కాహళము మ్రోగెను. చాటింపరి యొకడు రంగమధ్యమునకు వచ్చి, మాసిడోనియా రాజగు ఫిలిప్పును జయించిన రోమను సెనేటును సేనాని ఫ్లామినైనసును, అంతవరకు ఆ రాజునకు లోబడియుండిన జాతులను స్వతంత్రులనుగా విడిచిపెట్టుచున్నారనియు, ఇకమీదట వారికి పరసైన్యపు కావలిగాని కప్పముగాని యుండదనియు, తమ పూర్వాచారముల చొప్పున తమ్ము తామే పాలించుకొనవచ్చుననియు ప్రకటించెను. జనులు తమ చెవులను తాము నమ్మజాలక మరల చదువుమని కోరిరి. రెండవమారు వినినప్పుడు చెలరేగిన హర్షధ్వానమునకు మీద నెగురుచున్న కాకులు క్రిందపడినవని ప్లూటార్కు వ్రాసినాడు.

సరిగా 50 సంవత్సరములు గడచినవి. క్రీ. పూ. 146లో అదే రోమను ప్రభుత్వముయొక్క సేన అదే కొరింథు నగరమున ప్రవేశించి, దొరకిన పురుషులను వధించి, స్త్రీలను బిడ్డలను బానిసలనుగా అమ్మివేసి, నగరమును తగులబెట్టెను. స్వాతంత్ర్యమును చాటించిన చేయియు, కొఱవిని పట్టిన చేయియు ఒక్కటే. ఈ రెండు దినముల నడుమ ఏమి జరిగెనో తెలిసికొనవలెనన్న, మాసిడోనియాను కడపట ఏలిన ఆంటిగొనసు వంశముయొక్క చరిత్రమును, ఆ వంశముతో పోరాడిన పొరుగువారి చరిత్రమును కలిపి చదువవలెను. ఒకదానిని విడిచి మరియొకటి బోధపడదు. అందుచే నేడు ఆ కథను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఒంటికంటి రాజు సంతతి

మాసిడోనియా యన్నంతనే మనకు అలెగ్జాండరు స్ఫురించును. ఒలింపసు పర్వతమునకు ఉత్తరమున పచ్చిక బయళ్లు, కలప యడవులు, వెండిబంగారు గనులు గల ఆ దేశమును అతని పూర్వులు ఆర్గియాడు వంశమువారు తరతరములుగా నేలిరి. వారి పురాతన రాజధాని ఈగే. నేటి వెర్గీనా గ్రామమువద్ద 1977లో బయల్పడిన రాజసమాధులును, వానిలోని స్వర్ణపేటికయు ఆ వంశపు వైభవమునకు సాక్ష్యములు. క్రీ. పూ. 323లో అలెగ్జాండరు బాబిలోనులో మరణించెను. అతని మరణానంతరము పుట్టిన కుమారుని పదునాలుగేండ్లయినను నిండకముందే చంపించిరి. సామ్రాజ్యము సేనానుల పాలయ్యెను.

ఆ సేనానులలో ఒంటికన్నువాడగు ఆంటిగొనసు ఒకడు. సామ్రాజ్యమంతయు తన క్రిందనే యుండవలెనని పట్టుబట్టి, క్రీ. పూ. 306లో తానును, కుమారుడగు డెమెట్రియసును రాజబిరుదము ధరించిరి. తక్కిన సేనానులందఱు ఏకమై క్రీ. పూ. 301లో ఇప్ససువద్ద వానిని ఎదుర్కొనిరి. ఎనుబదేండ్ల వృద్ధుడు రణభూమియందే కూలెను. ఆనాడు జయమును నిర్ణయించినవి సెల్యూకసు ఏనుగులు. అవి మన చంద్రగుప్త మౌర్యుడు సంధిలో నిచ్చిన గజబలము. సింధునదీప్రాంతములకు బదులుగా సెల్యూకసు 500 ఏనుగులను పొందినాడని స్ట్రాబో చెప్పుచున్నాడు.

డెమెట్రియసు మహాశూరుడే గాని నిలుకడలేనివాడు. రోడ్సు ద్వీపనగరమును క్రీ. పూ. 305లో ముట్టడించి యేడాదికాలము పోరాడి విఫలుడై మరలిపోయెను. అతడు విడిచిపోయిన యంత్రములను రోడ్సు వర్తకులు అమ్మి, ఆ ధనముతో సూర్యదేవునకు మహావిగ్రహము నెత్తించిరి. ప్రపంచపు సప్తాద్భుతములలో చేరిన కంచువిగ్రహ మదియే. ఈతడు కొంతకాలము మాసిడోనియా నేలి, ప్రజల ప్రేమను పోగొట్టుకొని, తుదకు సెల్యూకసునకు బందియై త్రాగుడులో ప్రాణములు విడిచెను.

వంశమును స్థిరముగా నిలిపినవాడు డెమెట్రియసు కుమారుడగు ఆంటిగొనసు గొనాటసు. క్రీ. పూ. 279లో ఉత్తరమునుండి గాలు జాతులు మిడుతల దండువలె వచ్చిపడి, అప్పటి మాసిడోనియా రాజును చంపి, డెల్ఫీ దేవస్థానము దాకను చొచ్చుకొనిపోయిరి. దేశమున రాజు లేడు, రక్షణ లేదు. అట్టి సమయమున, క్రీ. పూ. 277లో, గొనాటసు లైసిమాకియా వద్ద ఒక గాలు దండును నిర్మూలించి, ఆ కీర్తితో మాసిడోనియా సింహాసన మెక్కెను. క్రీ. పూ. 239లో మరణించువరకు సుమారు నలుబదేండ్లు అతడు దేశమునకు పెట్టనికోటయై నిలిచెను.

ఈతడు స్టోయికు వేదాంతియగు జీనోకు మిత్రుడు. ప్రజలయెడ దౌర్జన్యము చేయుచున్న కుమారుని మందలించుచు, రాచరికమనగా గౌరవముతో కూడిన దాస్యమేయని బోధించినవాడు. శత్రువగు ఎపిరసు రాజు పిర్రసు ఆర్గాసు వీథులలో చచ్చినప్పుడు, గొనాటసు కుమారుడు ఆ తలను తెచ్చి తండ్రి పాదములకడ పడవైచెను. తండ్రి సంతసింపలేదు. కుమారుని కఱ్ఱతో కొట్టి, అనాగరికుడా యని దూషించి, తన తాతకును తండ్రికిని పట్టిన గతిని తలచుకొని, మొగమున వస్త్రము కప్పుకొని యేడ్చెను. మన అశోక చక్రవర్తి తన పదమూడవ శిలాశాసనమున ధర్మవిజయము పొందిన దూరదేశములను పేర్కొనుచు నుదాహరించిన ‘అంతికిని’ రాజు ఈ గొనాటసే యని పండితుల మతము. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి కొండరాళ్లపై చెక్కిన పదునాలుగు శాసనముల వరుస ఆ శాసనమును గూర్చినదే. ఆ పేరు మనకు అంత పరాయిది కాదు.

మూడు సంకెళ్లు

ఇట్టి రాజునకును ఒక లోపము కలదు. ఉత్తరమున డార్డానియనులు, థ్రేసియనులు, గాలులు, పడమట ఇల్లిరియనులు, ఎపిరసువారు. వీరినుండి గ్రీసునంతటిని కాచువాడు మాసిడోనియా రాజే. అందు సందేహము లేదు. కాని కాచిన ఆ చేతనే అతడు దక్షిణమున నున్న స్వతంత్ర నగరములను అదిమిపెట్టెను. డెమెట్రియాసు, కాల్కిసు, కొరింథు అను మూడు దుర్గములయందు మాసిడోనియా దండు దిగియుండెను. వీనిని ‘గ్రీసు సంకెళ్లు’ అని వ్యవహరించిరి. ఆ మాటను పుట్టించినవాడు గొనాటసు మనుమడగు అయిదవ ఫిలిప్పేయని పోలిబియసు చరిత్రకారుడు చెప్పుచున్నాడు. సంకెలను వేసినవాడే దానికి సంకెల యని పేరిడినచో, ధరించినవారి మనస్సెట్లుండునో వేఱుగ చెప్పనేల? ఏథెన్సు నగరము ఈ బరువును త్రోసివేయుటకు క్రీ. పూ. 267 మొదలు ఆరేండ్లు పోరాడి, ఆకలికి లొంగిపోయెను.

ఒంటరిగా నిలువజాలని చిన్న నగరములు అప్పుడు కూటములుగా నేర్పడెను. పడమటి కొండలలో ఈటోలియా సమాఖ్య, దక్షిణమున అకీయా సమాఖ్య. ముఖ్యముగా ఈ రెండవది గణతంత్రముల చరిత్రమున మన్నింపదగినది. సభ్యనగరములన్నిటికి ఒకే చట్టములు, ఒకే తూనికలు కొలతలు, ఒకే నాణెములు. ఏటేట నెన్నుకొనబడు సేనానాయకుడు వెనువెంటనే మరల ఎన్నికకు అర్హుడు కాడు. ఈ సమాఖ్య నాయకుడు సిసియోను నగరవాసి ఆరటసు క్రీ. పూ. 243లో ఒక రాత్రివేళ నిచ్చెనలతో కొరింథు కోటగోడ లెక్కి మాసిడోనియా దండును వెడలగొట్టెను. ఒక సంకెల తెగిపడెను.

కాని అదే ఆరటసు, స్పార్టా రాజగు క్లియోమెనీసు తన సమాఖ్యను మించిపోవుచుండుట చూచి సహింపలేక, పదునెనిమిదేండ్ల తరువాత ఆ కొరింథు కోటనే మాసిడోనియా రాజగు ఆంటిగొనసు డోసను చేతిలో పెట్టి సాయము కోరెను. క్రీ. పూ. 222లో సెల్లాసియావద్ద స్పార్టా నశించెను. ప్రాణముల కొడ్డి విడిపించిన కోటను పొరుగువానిమీది కంటుచే తిరిగి తాకట్టుపెట్టుట! తరువాతి కథకంతయు ఇదియే నాంది. అసూయ కలవానికి దూరముననున్న యజమానుడు దగ్గఱనున్న సమానునికంటె సహింపదగినవాడుగా కనబడును.

పడమటి మేఘము

క్రీ. పూ. 221లో పదునేడేండ్ల ఫిలిప్పు రాజయ్యెను. మొదట ప్రజానురాగమును చూఱగొన్నవాడే. అతనికిని ఈటోలియనులకును యుద్ధము సాగుచుండగా, క్రీ. పూ. 217లో, ఆర్గాసున నెమియా క్రీడలు తిలకించుచున్న ఫిలిప్పునకు ఒక జాబు చేరెను. ఇటలీలో ట్రాసిమీను సరస్సువద్ద హన్నిబాలు రోమను సైన్యమును నిశ్శేషము చేసెనని అందలి వార్త. ఫిలిప్పు దానిని ప్రక్కనున్న ఫారోసు డెమెట్రియసునకు మాత్రము చూపెను. ఈ ఈటోలియా తగవును ముగించి, ఇల్లిరియాను లోబఱచుకొని, ఇటలీకి దాటుమని అతడు చెవిలో నూదెను.

ఆ సంవత్సరమే నౌపాక్టసువద్ద సంధిసభ జరిగెను. అందు ఈటోలియా ప్రతినిధియగు అజెలాసు చేసిన యుపన్యాసమును పోలిబియసు మనకొఱకు భద్రపఱచినాడు. దాని సారాంశమిది. ఏటి ప్రవాహమును దాటువారు ఒకరిచేయి నొకరు పట్టుకొన్నట్లు యవనులందఱు కలిసి నిలువవలెను. పడమట హన్నిబాలు గెలిచినను రోము గెలిచినను, గెలిచినవారు ఇటలీతో తృప్తిపడరు. పడమట క్రమ్ముచున్న ఆ మేఘము గ్రీసుపై వ్రాలిననాడు, మనలో మనము కలహించుటకును, మనలో మనము సంధిచేసికొనుటకును గల ఈ స్వేచ్ఛయైనను మిగులునట్లు దేవతలను వేడుకొనవలసివచ్చును. సభవారందఱు మెచ్చుకొనిరి. సంధియు కుదిరెను. ఇంతటి దూరదృష్టిగల వాక్యము రాజకీయ చరిత్రమున అరుదు. అంతకంటెను అరుదుగానున్నది, వినినవారు దానిని మఱచిన వేగము.

కప్పలరాజు కథ

ఫిలిప్పు క్రీ. పూ. 215లో హన్నిబాలుతో సంధి చేసికొనెను. ఆ రాయబారి పత్రములతో సహా రోమనులకు చిక్కెను. హన్నిబాలుతో ప్రాణాపాయ యుద్ధమునందున్న రోముకు ఫిలిప్పును గ్రీసుననే కట్టిపెట్టువాడు కావలసెను. వాడు దొరకుట కష్టము కాలేదు. నౌపాక్టసు సభ జరిగిన సుమారు ఆరేండ్లకే, క్రీ. పూ. 211లో, అజెలాసు స్వజనులగు ఈటోలియనులే రోముతో ఒడంబడిక వ్రాసికొనిరి. అందలి షరతు చూడుడు. జయించిన ఊళ్లలో నేలయు ఇండ్లును ఈటోలియనులవి. మనుష్యులును తక్కిన కదలు సొత్తంతయు రోమనులవి. ఈ ప్రకారము ఏజీనా ద్వీపము పట్టుబడగా జనులను బానిసత్వమునకు వదలి, ఖాళీ ద్వీపమును ఈటోలియనులు 30 టాలెంటుల వెండికి పెర్గమము రాజగు అట్టాలసునకు అమ్ముకొనిరి. ఒక టాలెంటు సుమారు 26 కిలోగ్రాములు.

పంచతంత్రమునందలి గంగదత్తుని కథ మన పిల్లలకును తెలియును. దాయాదుల బాధ పడలేక ఆ కప్పలరాజు నాగుబామును నూతిలోనికి తానే తోడితెచ్చెను. పాము దాయాదులను తిని ముగించెను. తరువాత, ‘నన్ను తెచ్చినవాడవు నీవు, నాకు మేత చూపుభారము నీదే’ యని గంగదత్తుని పరివారముపై పడెను. ఈటోలియనుల చరిత్రము దీనికి అక్షరార్థమైన వ్యాఖ్యానము.

అయినను దోషమంతయు వారిపై త్రోయుట న్యాయము కాదు. క్రీ. పూ. 200లో ఫిలిప్పు హెల్లెస్పాంటు జలసంధి తీరమునందలి అబైడసు నగరమును ముట్టడించెను. లొంగుటకంటె చావు మేలని నగరవాసులు భార్యాబిడ్డలను చంపి తామును చచ్చుచుండగా, చావదలచినవారికి మూడుదినములు గడువిచ్చితినని అతడు ప్రకటించెను. ఇట్టివానికి పొరుగున బ్రదుకవలసిన రోడ్సు, పెర్గమములు రోమునకు రాయబారము పంపినచో ఆశ్చర్యమేమి? సమీపముననున్న పీడకుడు దూరముననున్నవానిని రక్షకునిగా కనబఱచును. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, అందఱికంటె బలవంతుడై, మండలమునకు వెలుపలనుండి, కలిసియున్నవారికిని సాయపడగలిగి, విడిపోయినవారిని అణచగలిగినవానిని ‘ఉదాసీను’డన్నాడు. రోము సరిగా అట్టిది. ‘విడిపోయినవారిని’ అను విశేషణమందే రహస్యమంతయు నున్నది.

క్రీ. పూ. 197లో థెస్సలీ దేశమున ‘శునకశిరస్సులు’ అను పేరుగల కొండలపై ఫిలిప్పు ఓడెను. మాసిడోనియనులు 8,000 మంది మడిసిరి; 5,000 మంది పట్టుబడిరి; రోమనుల నష్టము 700. మొదట వెనుకడుగు వేసిన రోమనులను నిలిపినది ఈటోలియా ఆశ్వికదళమే. ఫిలిప్పునకు 1,000 టాలెంటుల జుల్మానా, నౌకాబల హరణము విధించి, కుమారుడు డెమెట్రియసును బందీగా గైకొనిరి. మాసిడోనియాను సమూలముగ పెకలింపుమని ఈటోలియనులు కోరగా, అట్లు చేసిన థ్రేసియనులు, గాలులు గ్రీసుపై విరుచుకొనిపడుదురని ఫ్లామినైనసు బదులు చెప్పెను. మాసిడోనియా గ్రీసునకు గోడయని యవనులు మఱచిన సత్యమును పరాయివాడు జ్ఞాపకము చేయవలసివచ్చెను!

ఘోషణ తరువాత

ఈ జయమునకు మఱుసటి యేడే మొదట చెప్పిన కొరింథు ఘోషణ. ఆ సంకెళ్లను విప్పుటలేదు, చేతులు మార్చుచున్నారని ఈటోలియనులు గొణిగిరి. రోమను దండు మాత్రము క్రీ. పూ. 194లో నిజముగనే వెడలిపోయెను. ఫ్లామినైనసు కపటి యని మేము అనజాలము. అతడు యవనభాషాప్రియుడు, ఆనాడు తాను చెప్పినదానిని నమ్మియే చెప్పెను కాబోలు. అయినను దాతయొక్క సద్భావముమీద ఆధారపడిన స్వాతంత్ర్యము దాత మనస్సు మారునంతవఱకే. ఆనాటినుండి యవనుల ప్రతి సరిహద్దు తగవును, ప్రతి కక్షయు, ప్రతి వారసత్వ వివాదమును రోమునకు పోయెను. తీర్పరి వెడలిపోయినను తీర్పుకొఱకు పరుగెత్తు అలవాటు వెడలిపోలేదు.

ఈటోలియనులు క్రీ. పూ. 192లో మరియొక పరదేశిని, సిరియా రాజగు ఆంటియోకసును, పిలిచిరి. అతడు ఓడిపోగా క్రీ. పూ. 189లో వారు రోమునకు లోబడి సంధి వ్రాయవలసెను. ఫిలిప్పు గృహమునందును ఆ విషము ప్రవేశించెను. రోమున బందీగ పెరిగిన డెమెట్రియసు రోమనుల అభిమానపుత్రుడయ్యెను, జ్యేష్ఠుడు పెర్సియసు అతనిని అనుమానించెను, తండ్రి క్రీ. పూ. 180లో కన్నకొడుకును చంపించి, మఱుసటి యేట పశ్చాత్తాపముతో మరణించెను.

పెర్సియసు రాజై పొరుగువారితో సఖ్యము చేసికొన యత్నించెను. అదియే నేరమయ్యెను. పెర్గమము రాజగు యూమెనీసు క్రీ. పూ. 172లో స్వయముగ రోమునకు పోయి అతనిపై నేరముల పట్టిక చదివెను. యుద్ధము వచ్చెను. పెర్సియసునకు ధనమున్నది గాని దానిని వెచ్చించు మనస్సు లేదు. ఇల్లిరియా రాజు జెంటియసునకు 300 టాలెంటులు వాగ్దానము చేసి, పది మాత్రమే ముట్టజెప్పి, అతడు రోమను రాయబారులను చెఱబెట్టి వెనుదీయరాని స్థితిలో పడినంతనే తక్కినదానిని ఆపివేసెను. క్రీ. పూ. 168 జూను 21వ తేదీ రాత్రి చంద్రగ్రహణము పట్టెను. మఱునాడు పిడ్నావద్ద, ఒక్క గంటకాలములో, మాసిడోనియా భల్లసేన విచ్ఛిన్నమయ్యెను. చచ్చినవారు సుమారు 20,000. దాచుకొన్న ధనమంతయు రోమునకు పోయెను. ఆ రాబడిచే రోమను పౌరులు ప్రత్యక్షపు పన్ను చెల్లింప నక్కఱలేకపోయెను.

పెర్సియసును, పసిబిడ్డలను జయోత్సవపు ఊరేగింపులో నడిపించిరి. తమకేమి జరుగుచున్నదో తెలియని ఆ బిడ్డలను చూచి రోమనులే కన్నీరు విడిచిరి. రాజు చెఱలో మరణించెను. బ్రతికిన కుమారుడు అలెగ్జాండరు లోహపుపని నేర్చి, లాటిను నేర్చి, రోము అధికారులకడ గుమాస్తాగా జీవితము గడపెను. అలెగ్జాండరు సేనానితో ఆరంభమైన వంశము అలెగ్జాండరను గుమాస్తాతో అంతమయ్యెను.

పిలిచినవారి గతి

మాసిడోనియాకును ‘స్వాతంత్ర్యమే’ ప్రసాదించిరి! దేశమును నాలుగు ముక్కలు చేసిరి. ఒక ముక్కవారు మరియొక ముక్కలోనివారితో వియ్యమందరాదు. అందు నేలగాని ఇల్లుగాని కొనరాదు. వెండిబంగారు గనులు మూసివేయబడెను. ఓడకలప నఱకరాదు. పైనుండి వచ్చు ఉప్పు సైతము వాడరాదు. రాజులకు చెల్లించిన పన్నులో సగము రోమునకు చెల్లింపవలెను.

ఇది శత్రువు గతి. మిత్రుల గతియో? ఈటోలియాలో రోమను పక్షపాతులు, రోమను సైనికులు సభాభవనమును చుట్టియుండగా, 550 మంది ప్రముఖులను వధించిరి. ఎపిరసులో 70 ఊళ్లను కొల్లగొట్టి 1,50,000 మందిని బానిసలనుగా అమ్మిరి. సంధి చేయింప జూచిన నేరమునకు రోడ్సును శిక్షించుటకై డెలాసును సుంకములేని రేవు చేయగా, పది లక్షల డ్రాక్మాలుండిన రోడ్సు రేవు ఆదాయము లక్షయేబదివేలకు దిగజారెను. నేరముల పట్టిక చదివిన యూమెనీసు మరల రోమునకు రాబోగా, ఏ రాజును రోమునకు రాగూడదని సెనేటు తీర్మానించి, అతనిని ఇటలీ రేవునుండియే మఱలించెను. అకీయా సమాఖ్యనుండి 1,000 మంది ప్రముఖులను విచారణ నెపమున ఇటలీకి కొనిపోయి, విచారణ లేకయే 17 సంవత్సరములుంచిరి. వారిని విడుచుటకు సెనేటు చర్చించుచుండగా, ఈ ముసలివారిని పూడ్చువారు ఇటలీవారా అకీయావారా యను దానికై ఇంత ప్రొద్దుపుచ్చవలయునా యని కేటో యెత్తిపొడిచెను. క్రీ. పూ. 150లో తిరిగివచ్చినవారు 300 మందియైనను లేరు. నాలుగేండ్లకు కొరింథు కాలిపోయెను. క్రీ. పూ. 133లో పెర్గమముయొక్క కడపటి రాజు తన రాజ్యమును రోమునకే మరణశాసనమున వ్రాసియిచ్చెను.

ఆ 1,000 మందిలో నొకడు పోలిబియసు. 53 సంవత్సరములలోపల లోకము రోము వశమైన విధమెట్టిదో వివరించుటకు అతడు 40 సంపుటముల చరిత్రము వ్రాసెను. మాకు తోచునది ఇంతే. మాసిడోనియా రాజులు గోడయై నిలిచియు, ఆ గోడ నీడన నున్నవారికి సంకెళ్లు వేసిరి. పొరుగువారు సంకెళ్లను తెంచుకొనుటకై గోడను పడగొట్టించిరి. గోడతోపాటు ఇల్లును కూలెను. ఫిలిప్పు ఆ మూడు దుర్గములను తానే విడిచి, యవనులను సమానులనుగా చేర్చుకొనియుండినచో అజెలాసు చెప్పిన చేతుల గొలుసు ఏర్పడియుండెడిది. యవనులు తమ తగవులను తమ సభలలోనే తీర్చుకొనియుండినచో కొరింథు చాటింపరికి చదువవలసిన పత్రమే యుండెడిది కాదు. ఆ దినమున అంత బిగ్గరగా హర్షించిన జనులలో ఒక్కడైనను లేచి, మా స్వాతంత్ర్యమును చాటుటకు మీరెవ్వరని యడిగినట్లు ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.